కాకికాళ్ళ పటం

మీ బడి లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చేటప్పుడు రాసుకునే రిజిస్టరును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పొడుగాటి పుస్తకం. పేజీ నిండా నిలువు గీతలు. తేదీ, విద్యార్థి పేరు, తరగతి, పుస్తకం పేరు, రచయిత, ఆ పక్కన సంతకం, చిట్టచివర తిరిగి ఇచ్చిన తేదీ. ఒక్కొక్క అడ్డు వరస ఒక్కొక్క సంఘటన అన్నమాట. ఫలానా రోజున ఫలానా అమ్మాయి ఫలానా పుస్తకం పట్టుకెళ్ళింది.

ఈ రిజిస్టరును కొన్ని ప్రశ్నలు అడిగి చూడండి. "జులై 14న ఎవరెవరు పుస్తకాలు తీసుకెళ్ళారు?" ఆ తేదీ ఉన్న పేజీ తిప్పితే చాలు, ఠక్కున చెబుతుంది. "తొమ్మిదో తరగతి లక్ష్మి దగ్గర ఇంకా ఎన్ని పుస్తకాలున్నాయి?" ఇక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టుకుని వెతకవలసిందే. "ఈ ఏడాది ఒక్కరూ ముట్టుకోని పుస్తకాలేవి?" ఈ ప్రశ్నకు అసలు జవాబే లేదు. ఎవరూ తీసుకెళ్ళని పుస్తకం పేరు ఈ రిజిస్టరులోకి ఎక్కనే ఎక్కదు గదా!

"అదంతా కంప్యూటరులోకి ఎక్కించేస్తే సరి" అని మీలో ఎవరో అంటున్నారు. సరే, ఎక్కిద్దాం. రిజిస్టరు పేజీ ఎలా ఉందో అలాగే ఒక పెద్ద పట్టిక వేసి, దానికి ఇంటి ఫోను నంబరు కూడా చేర్చి, అన్నీ ఒకే వరసలో నింపుకుంటూ పోదాం. నెల తిరిగేసరికి తమాషా మొదలవుతుంది. ఒకే అమ్మాయి ఒకచోట "కె. లక్ష్మి", ఇంకోచోట "లక్ష్మి కె.", మరోచోట ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు. కంప్యూటరుకు తెలియదు. దాని లెక్కలో ముగ్గురు వేర్వేరు మనుషులు. అంతలో లక్ష్మి వాళ్ళ ఫోను నంబరు మారిందనుకోండి. ఆమె అప్పటికే 40 పుస్తకాలు చదివిన పిల్ల. కాబట్టి 40 వరసల్లోనూ నంబరు దిద్దాలి. 39 దిద్ది ఒకటి మరిచిపోయామా, రెండు నంబర్లలో ఏది నిజమో ఆ పట్టికను చూసి ఇక ఎవరూ చెప్పలేరు. కొత్తగా కొన్న పుస్తకాన్ని ఇంకా ఎవరూ తీసుకెళ్ళలేదు. మరి దాన్ని ఏ వరసలో రాయాలి? పోనీ పాత వరసలు తుడిచేసి చోటు చేద్దామంటే, ఒకే ఒక్కసారి బయటికి వెళ్ళిన పుస్తకం ఆనవాలు ఆ వరసతోపాటే చెరిగిపోతుంది.

ఇందులో కంప్యూటరు తప్పేమీ లేదు. మూడు రకాల సంగతుల్ని మనం ఒకే తాడుకు కట్టేశాం. లక్ష్మి అనే మనిషి సంగతి ఒకటి. పుస్తకం సంగతి ఒకటి. ఆమె దాన్ని తీసుకెళ్ళడం అనేది మరొకటి. వీటిని విడదీసి, ఏ సంగతి ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయించుకోవడానికే ఈ రోజుల్లో పటాలు గీస్తారు. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టు! ఆ పటం ఎలా గీయాలో, దానికి బ్రౌజరు ఎలా సాయపడుతుందో ఇప్పుడు చూద్దాం. ముందు కాస్త చరిత్ర.

ఎడ్గార్ కాడ్ అనే ఆయన ఇంగ్లండులో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపాడు. తరవాత అమెరికా చేరి, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం కంపెనీ పరిశోధనాలయంలో పనిచేశాడు. ఆ రోజుల్లో కంప్యూటరులో సమాచారాన్ని దాచే పద్ధతి చిత్రంగా ఉండేది. ఒక చీటీలో ఇంకో చీటీ ఉన్న చోటు రాసి ఉంటుంది, అక్కడికి వెళితే మూడో చీటీ చోటు. ప్రోగ్రాము రాసే మనిషికి ఆ దారులన్నీ కంఠతా వచ్చి ఉండాలి. దారి మారితే ప్రోగ్రామూ మార్చుకోవాలి. 1970 జూన్‌లో కాడ్ ఒక వ్యాసం అచ్చువేయించాడు. దారులూ వద్దు, చీటీలూ వద్దు. సమాచారమంతా మామూలు పట్టికల్లో పెట్టండి, ఒక పట్టికకూ మరో పట్టికకూ సంబంధం ఉంటే రెండింట్లోనూ ఒకే విలువ కనబడేట్టు చూడండి, చాలు. ఇదీ ఆయన చెప్పిన సారాంశం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ మీ బ్యాంకు పాసుబుక్కు వెనకా, రైలు టికెట్టు వెనకా, పరీక్ష ఫలితాల వెనకా ఉన్న డేటాబేసుల్లో చాలా భాగం ఈనాటికీ ఆ మాట మీదే నడుస్తున్నాయి. 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు. కంప్యూటరు రంగంలో అది నోబెల్ అంతటిది.

పట్టికలు సరే, పటాలు ఎక్కడి నుంచి వచ్చాయి? సమాచారాన్ని పెట్టెలుగా, బాణాలుగా గీసి చూపడం చార్లెస్ బాక్‌మన్ అనే అమెరికను ఇంజనీరు 1960లలోనే మొదలుపెట్టాడు. 1976లో పీటర్ చెన్ దాన్ని ఒక శాస్త్రంలా తీర్చిదిద్దాడు. తైవానులో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన మనిషి ఈయన. లోకంలోని వస్తువుల్ని పెట్టెలుగానూ, వాటి మధ్య సంబంధాల్ని వాటిని కలిపే గీతలమీద డైమండ్ ఆకారాలుగానూ గీయమన్నాడు. తరవాత రాసిన ఒక వ్యాసంలో ఆయన ఇంకో సరదా సంగతి చెప్పాడు. వాక్యాన్ని వ్యాకరణం ప్రకారం విడదీస్తే పటం దానంతటదే వస్తుందట! ఆయన ఇంగ్లీషు వాక్యాల మీద చెప్పాడు గాని, మన తెలుగు క్లాసులో చేసే పని కూడా అదే. "లక్ష్మి పుస్తకం తీసుకెళ్ళింది." నామవాచకాలు ఏవి? లక్ష్మి, పుస్తకం. అవి పెట్టెలు. క్రియ ఏది? తీసుకెళ్ళింది. అది సంబంధం. "పొడుగాటి", "పాత", "ఎర్ర అట్ట" లాంటి విశేషణాలు పెట్టెలో రాసుకునే వివరాలు. తెలుగు మాస్టారు వ్యాకరణం ఎందుకు చెబుతున్నారా అని విసుక్కునేవాళ్ళకు ఇదొక జవాబు.

ఇక పనిలోకి దిగుదాం. పటం కాగితం మీదా గీయొచ్చు. నన్నడిగితే మొదటి పటం కాగితం మీద పెన్సిలుతో గీయడమే మంచిది. కానీ రెండు మూడు సార్లు దిద్దేసరికి కాగితం చిరుగుతుంది. అందుకే బ్రౌజరులోనే తెరుచుకునే బొమ్మల పలకలు వచ్చాయి. బ్రౌజరు అంటే మీరు ఇంటర్నెట్టు చూడటానికి వాడే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి. కంప్యూటరులో విడిగా ఏమీ ఎక్కించుకోనక్కర లేదు. బడిలో ఉన్న పాత కంప్యూటరయినా చాలు. ఇలాంటి వాటిలో డ్రా డీబీ అనేది ఒకటి. ఉచితం. దాన్ని ఎలా తయారుచేశారో కూడా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. డీబీ డయాగ్రం అనేది ఇంకొకటి. అందులో ఎడమ పక్క నాలుగు మాటలు టైపు చేస్తే కుడి పక్క పటం తనే గీసుకుంటుంది. మనం మొదటి రకాన్ని తీసుకుందాం. తెర మీద గళ్ళ కాగితం లాంటి మైదానం కనిపిస్తుంది. ఒక బొత్తాం నొక్కితే ఖాళీ పెట్టె వస్తుంది. దానికి పేరు పెట్టి, లోపల వివరాలు ఒకదాని కింద ఒకటి చేర్చుకోవాలి. పెట్టెను మౌస్‌తో ఎటు కావాలంటే అటు జరపొచ్చు. ఫోనులో కూడా తెరుచుకుంటుంది గాని, అంత చిన్న తెర మీద ఈ పని చేయడం అగ్గిపెట్టె మీద రామాయణం రాయడమే.

మొదటి పెట్టె: విద్యార్థి. ఏమేం రాద్దాం? పేరు, తరగతి, వయసు, ఫోను నంబరు అంటారు మీరు. ఒక్కొక్కటే చూద్దాం. ఇక్కడే అసలు రుచి ఉంది.

వయసు. ఈ రోజు 14 అని రాస్తే వచ్చే ఏడు అది అబద్ధం. పుట్టిన తేదీ రాస్తే ఎన్నేళ్ళయినా నిజం. వయసు కావాలంటే కంప్యూటరు లెక్కకట్టుకుంటుంది. తరగతి కూడా అలాంటిదే, ప్రతి జూన్‌లో మారిపోతుంది. దాన్ని ఏం చేయాలో మీరే ఆలోచించండి. ఫోను నంబరు. ప్రతి వివరానికీ అది ఏ రకమో చెప్పాలి: అంకెలా, అక్షరాలా, తేదీయా అని. ఫోను నంబరును అంకెల రకంగా పెడతాం, అంతేగదా? హైదరాబాదులో ఉన్న ఒక పాత ల్యాండ్‌లైను నంబరు 040తో మొదలవుతుంది. అంకెల రకం గడిలో వేయగానే ముందున్న సున్నా ఎగిరిపోయి 40 మిగులుతుంది. లెక్కల ప్రకారం 040, 40 ఒకటే గదా! మీరెప్పుడైనా రెండు ఫోను నంబర్లు కూడారా? కూడికా తీసివేతా చేయని అంకెల వరస ఏదైనా సరే, దాన్ని అక్షరాలుగానే దాచుకోవడం మేలు.

ఇప్పుడు పేరు. విదేశాల్లో తయారైన ఫారాల్లో పేరుకు రెండు గడులుంటాయి: మొదటి పేరు, చివరి పేరు. చివరిది వంశం పేరని వాళ్ళ లెక్క. మన ఇంటిపేరేమో ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక పొడి అక్షరంగా. కొంతమంది పాస్‌పోర్టుల్లో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్ళకు అమెరికా వీసా మీద సొంత పేరు ఉండవలసిన చోట "ఎఫ్ఎన్‌యూ" అని మూడక్షరాలు అచ్చవుతాయి. "మొదటి పేరు తెలియదు" అని దాని అర్థం. అమ్మానాన్నా ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఉంది, ఆ మనిషి నోరారా చెబుతున్నాడు, అయినా పట్టికకు తెలియదట! ఎక్కడో ఎవరో ఒక పెట్టె గీస్తూ, లోకంలో అందరి పేర్లూ తమ ఊళ్ళో పేర్లలాగే ఉంటాయనుకున్నారు. మీ పెట్టెలో మాత్రం పూర్తి పేరు అని ఒకే వివరం పెట్టండి. ఇంటిపేరు విడిగా నిజంగా అవసరమైతే, ఖాళీగా ఉన్నా ఫరవాలేదు అనే గుర్తుతో చేర్చండి. ఆ గుర్తు పెట్టే వీలు ప్రతి వివరం పక్కనా ఉంటుంది.

పేరు రాశాం గదా, ఇక దాంతోనే మనిషిని గుర్తుపట్టొచ్చా? తొమ్మిది ఎ సెక్షనులో ఒక కె. లక్ష్మి, బి సెక్షనులో ఇంకో కె. లక్ష్మి ఉన్నారనుకోండి. ఎ సెక్షను లక్ష్మి పుస్తకం పోగొట్టింది. పదో తరగతి అయిపోయి టి.సి. తీసుకోవడానికి బి సెక్షను లక్ష్మి వస్తే, "నీ పేర లైబ్రరీ బాకీ ఉంది" అంటారు. ఆ పిల్ల ఏడ్చినా, ఒట్టు పెట్టుకున్నా రిజిస్టరు మాటే చెల్లుతుంది. అందుకే ప్రతి పెట్టెకూ ఒక తాళంచెవి కావాలి. ఏ ఇద్దరికీ ఒకటి కానిది, ఎన్నడూ మారనిది. దీన్ని ప్రైమరీ కీ అంటారు. బడిలో చేరినప్పుడు ఇచ్చే అడ్మిషను నంబరు అందుకు చక్కగా సరిపోతుంది. పటంలో ఆ వివరం పక్కన చిన్న తాళంచెవి గుర్తు పడుతుంది. తాళంచెవి పెట్టడం మరిచిపోతే ఇలాంటి పనిముట్లు కొన్ని "ఈ పెట్టెకు తాళంచెవి లేదు" అని తెర అంచున హెచ్చరిస్తాయి కూడా.

రెండో పెట్టె: పుస్తకం. పుస్తకానికి తాళంచెవి ఏది? "వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ ఉంటుందిగా, 13 అంకెలు!" మంచి జవాబే. కానీ లైబ్రరీలో ఒకే నిఘంటువు ప్రతులు అయిదు ఉన్నాయనుకోండి. అయిదింటికీ ఐఎస్‌బీఎన్ ఒకటే. లక్ష్మి పట్టుకెళ్ళింది ఏ ప్రతి? అట్ట చిరిగింది ఏ ప్రతి? పైగా ఆ నంబర్ల పద్ధతి ప్రపంచానికి 1970 ప్రాంతంలో వచ్చింది. మీ లైబ్రరీ బీరువా అడుగున ఉన్న పాత పుస్తకాలకు ఆ నంబరే ఉండదు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచిస్తే ఒక సంగతి బయటపడుతుంది. మనం "పుస్తకం" అనే ఒకే మాటతో రెండు వేర్వేరు వాటిని పిలుస్తున్నాం. "ఆ పుస్తకం నేను చదివాను" అన్నప్పుడు పుస్తకం అంటే రచన. "ఆ పుస్తకం మీద టీ ఒలికింది" అన్నప్పుడు పుస్తకం అంటే చేతిలో ఉన్న ప్రతి. మాట ఒకటే గాని పెట్టెలు రెండు గీయాలి. రచన పెట్టెలో పేరు, ప్రకాశకులు, అచ్చయిన సంవత్సరం. ప్రతి పెట్టెలో, లైబ్రరీవాళ్ళు మొదటి పేజీలో ముద్ర వేసి రాసే యాక్సెషను నంబరు, కొన్న తేదీ, ధర. యాక్సెషను నంబరు ఏ రెండు ప్రతులకూ ఒకటి కాదు. వంద ఏళ్ళ కిందటి లైబ్రేరియన్లు కూడా కంప్యూటరు ఊసు లేకుండానే ఈ తేడా కనిపెట్టి నంబర్లు వేశారు. వాళ్ళను మెచ్చుకోవాలి.

ఇప్పుడు గీతలు. రచన పెట్టె అంచున ఒక చుక్క కనిపిస్తుంది. దాన్ని మౌస్‌తో పట్టుకుని ప్రతి పెట్టె దాకా లాగండి. గీత పడింది. వెంటనే పనిముట్టు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: ఒకటికి ఒకటా, ఒకటికి చాలానా? ఈ మొత్తం విద్యలో ప్రాణం ఈ ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. ఒక రచనకు ప్రతులు ఎన్ని ఉండొచ్చు? చాలా. ఒక ప్రతిలో రచనలు ఎన్ని? ఒకటి. అంటే ఒకటికి చాలా. పటాల్లో "చాలా" అనే చివర గీత మూడు పాయలుగా చీలుతుంది. అచ్చం బురదలో కాకి నడిచిన జాడలాగా! దాన్ని కాకికాలు అనే అంటారు. 1976లో, అంటే చెన్ వ్యాసం వచ్చిన ఏడే, గార్డన్ ఎవరెస్ట్ అనే అమెరికను ఆచార్యుడు ఈ గుర్తు వాడాడు. పని తేలిక గనక ఎక్కువమంది దాన్నే పట్టుకున్నారు. కాకి ఏ పెట్టె మీద వాలిందో అటువైపు చాలా ఉన్నాయన్నమాట.

విద్యార్థికీ ప్రతికీ మధ్య గీత లాగుదాం. ఒక విద్యార్థి ఎన్ని ప్రతులు తీసుకెళ్ళొచ్చు? చాలా. ఒక ప్రతిని ఎంతమంది తీసుకెళ్ళొచ్చు? ఒకేసారి ఒకరే. కానీ ఏడాది మొత్తంలో చాలామంది! రెండు వైపులా కాకికాలే. ఇలాంటి గీతను పట్టికల్లో పెట్టడానికి వీలుపడదు. ఎందుకో చూడండి. విద్యార్థి వరసలో "తీసుకెళ్ళిన ప్రతి" అని గడి పెడితే ఒకటే పడుతుంది. ప్రతి వరసలో "తీసుకెళ్ళిన విద్యార్థి" అని పెడితే మొన్నటి మనిషిని చెరిపితేగాని ఇవాళ్టి మనిషి పట్టడు. మరేం చేయాలి? క్రియనే ఒక పెట్టెగా మార్చాలి! "తీసుకెళ్ళింది" అనే క్రియకు "అరువు" అని నామవాచకం పేరు పెట్టి మూడో పెట్టె గీయండి. అందులో అడ్మిషను నంబరు, యాక్సెషను నంబరు, తీసుకెళ్ళిన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ. ఇప్పుడు విద్యార్థి నుంచి అరువుకు ఒక గీత, ప్రతి నుంచి అరువుకు ఒక గీత. రెండు కాకులూ అరువు పెట్టె మీదే వాలతాయి. తిరిగి ఇచ్చిన తేదీ ఖాళీగా ఉందా, పుస్తకం ఇంకా బయటే ఉందన్నమాట. లక్ష్మి ఫోను నంబరు ఒకే ఒక్క చోట ఉంది. ఎవరూ ముట్టని పుస్తకం ప్రతి పెట్టెలో ఉండి, అరువు పెట్టెలో ఒక్క వరసా లేకుండా కనిపిస్తుంది. రిజిస్టరు చెప్పలేని జవాబు చెప్పేసింది చూశారా!

రచయిత సంగతి? రచన పెట్టెలో "రచయిత" అని ఒక గడి చాలదూ? తిరుపతి వేంకట కవులను తీసుకోండి. పాండవోద్యోగ విజయాలు రాసింది ఒకరు కాదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అనే ఇద్దరు. ఆ ఇద్దరిలో చెళ్ళపిళ్ళవారు "కథలు గాథలు" విడిగా రాశారు. ఒక రచనకు ఇద్దరు రచయితలు, ఒక రచయితకు చాలా రచనలు. మళ్ళీ రెండు వైపులా కాకికాళ్ళు! కాబట్టి ఇక్కడా నడుమ ఒక పెట్టె పడాలి. ఇది మీరే గీయండి. కిటుకు ఒకటే గనక ఇంకోసారి చెప్పను.

ఇంతసేపూ మనం గీసింది బొమ్మ అనుకుంటున్నారు గదా? బొమ్మ పైకి కనిపించే వేషం మాత్రమే. లోపల బ్రౌజరు దాచుకుంటున్నది మాటల జాబితా. ఫలానా పేరున్న పెట్టె, దానిలో ఫలానా వివరాలు, ఫలానా వివరం నుంచి ఫలానా పెట్టెకు గీత. మీరు పెట్టెను జరిపిన ప్రతిసారీ ఆ జాబితా చూసి బొమ్మను మళ్ళీ గీస్తుంది. అందుకే పెట్టెను ఎటు లాగినా గీతలు తెగకుండా వెంట వస్తాయి. ఫోటో అయితే అలా రావు. ఆ జాబితాను డేటాబేసులకు అర్థమయ్యే ఎస్‌క్యూఎల్ భాషలోకి తిప్పమని బొత్తాం నొక్కితే "క్రియేట్ టేబుల్" అంటూ మొదలయ్యే వాక్యాలు వరసగా వచ్చేస్తాయి. వాటిని మైఎస్‌క్యూఎల్‌కో, ఎస్‌క్యూలైట్‌కో అందిస్తే నిజమైన ఖాళీ పట్టికలు తయారు. ఎస్‌క్యూలైట్ ఎక్కడో ఉందనుకోకండి. ఆండ్రాయిడ్ ఫోను మీ ఇంట్లో ఉంటే దాని లోపలే ఉంది.

గీతలు కూడా అక్కడ ఉత్త గీతలుగా ఉండవు, కాపలాదారులవుతాయి. అరువు పట్టికలో 5120 అనే అడ్మిషను నంబరు వేశారనుకోండి. విద్యార్థి పట్టికలో ఆ నంబరే లేకపోతే డేటాబేసు ఆ వరసను లోపలికి రానివ్వదు. బడిలో లేని పిల్ల పుస్తకం ఎలా తీసుకెళ్ళింది అని నిలదీస్తుంది. ఇంకో మెలిక ఉంది. చదువయిపోయి వెళ్ళిపోయిన విద్యార్థి వరస చెరిపితే, ఆ పేర ఉన్న అరువు వరసలేం కావాలి? గీత మీద నొక్కితే పనిముట్టు ఈ ప్రశ్న కూడా అడుగుతుంది. "క్యాస్కేడ్" అంటే అవన్నీ కూడా చెరిపెయ్యి అని. "రెస్ట్రిక్ట్" అంటే, అరువులున్నంతకాలం ఆ విద్యార్థిని చెరపనివ్వకు అని. మొదటిది ఎంచుకుంటే పని చులాగ్గా అవుతుంది. కానీ ఇంకా తిరిగిరాని పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం కూడా గాలిలో కలిసిపోతుంది. లైబ్రరీకి రెండోదే పెట్టండి.

పటం మీద ఒక గీత మార్చడానికి ఎంతసేపు? చిటికెలో పని. పట్టికల్లో లక్షల వరసలు నిండాక మార్చడమో? అందుకు ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఉంది. కంప్యూటర్లలో చోటు బహు ఖరీదుగా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టారు. 1965 అనడానికి 65. అప్పటికి అది తెలివైన పొదుపే. 2000 దగ్గరపడేసరికి 00 అంటే 1900 అవుతుందా, 2000 అవుతుందా అని ప్రశ్న వచ్చింది. బ్యాంకులూ బీమా కంపెనీలూ పాత ప్రోగ్రాములన్నీ వరసగా విప్పి చూడవలసి వచ్చింది. 1990ల చివర మన హైదరాబాదు కుర్రకారు ఎంతమందో ఈ గడులు వెడల్పు చేసే పని మీదే కంప్యూటరు ఉద్యోగాల్లో చేరారు, కొందరు అమెరికా దాకా వెళ్ళారు. రెండంకెల గడి కొన్ని వేల సంసారాలను ఖండాలు దాటించింది!

పనిముట్టు గురించి రెండు జాగ్రత్తలు. డ్రా డీబీ లాంటివి మీ పటాన్ని మీ కంప్యూటరులోని బ్రౌజరులోనే దాచిపెడతాయి. ఎవరైనా బ్రౌజరును శుభ్రం చేశారంటే పటం కూడా చెత్తతోపాటు పోతుంది. బడి కంప్యూటరయితే మరీను! పని ముగించగానే పటాన్ని ఫైలుగా దింపుకుని పెన్‌డ్రైవులో పెట్టుకోండి. రెండోది, పెట్టెకు తాళంచెవి లేదని చెప్పగల పనిముట్టు, మీ లైబ్రరీలో జరిగేదానికీ మీ పటానికీ పొంతన ఉందో లేదో చెప్పలేదు. అది చెప్పగలిగేది లైబ్రరీ చూసే మేడమో, మాస్టారో. వాళ్ళ ముందు కూర్చుని ప్రతి గీతనూ రెండు వాక్యాలుగా పైకి చదవండి. "ఒక విద్యార్థి చాలాసార్లు అరువు తీసుకోవచ్చు. ఒక అరువు ఒకే విద్యార్థిది." ఏదో ఒక గీత దగ్గర వాళ్ళు, "అలా కాదమ్మా, వేసవి సెలవుల్లో క్లాసు మొత్తానికి కలిపి ఒక పెట్టె పుస్తకాలు ఇస్తాం" అంటారు. వెంటనే కొత్త పెట్టె గీయవలసి వస్తుంది. విసుక్కోకండి, పటం గీసిందే అందుకు.

ఇంకో చోట కూడా వెతకండి. పాత రిజిస్టరు మార్జిన్లు చూడండి. "అట్ట లేదు", "వాళ్ళ అక్క తెచ్చి ఇచ్చింది", "పోయింది, డబ్బు కట్టారు", ఎర్రసిరాతో "బైండింగుకు పంపాము". గడుల్లో పట్టని నిజాలన్నీ పాపం అక్కడ తలదాచుకుంటాయి. మీ పటంలో ఏ పెట్టెలు తక్కువయ్యాయో ఆ మార్జినే చెబుతుంది.

లైబ్రరీ పటం అయిపోయాక దీన్ని పట్టండి. రైలు రిజర్వేషను టికెట్టు మీద పది అంకెల పీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఒక టికెట్టు మీద ఆరుగురి దాకా ప్రయాణం చేయొచ్చు. ఒకే మనిషి ఏడాదిలో చాలా టికెట్లు కొనుక్కుంటాడు. విశాఖపట్నంలో ఎక్కినాయన విజయవాడలో దిగిపోతే, అదే రాత్రి అదే బెర్తు మీద అక్కడినుంచి హైదరాబాదుకు ఇంకొకాయన పడుకోవచ్చు. ప్రయాణికుడికీ బెర్తుకూ మధ్య గీత గీయండి. కాకి ఏ చివర వాలింది? ఇద్దరూ ఒకే బెర్తుకోసం పోట్లాడుకోకుండా ఉండాలంటే నడుమ పెట్టెలో ఏయే వివరాలు ఉండాలి? పెన్సిలు, గళ్ళ కాగితం దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. తేదీని మాత్రం మరిచిపోకండేం!